లోపలి బెజ్జం

తౌసిఫ్ మూడు కడ్డీలనూ బెంచీ మీద పక్కపక్కన పరిచాడు. ఒకటి కారుతోపాటు కంపెనీ నుంచి వచ్చిన పాతది, గ్రీజూ దుమ్మూ పట్టి నల్లగా ఉంది. రెండోది దానికంటే కాస్త లావు, నీలం రంగుది. మూడోది అన్నిటికంటే లావు. గీత కూడా పడకుండా ఎర్రగా నిగనిగలాడుతోంది.

"ఎర్రదే," అన్నాడు భానుచందర్, చేత్తో ముట్టుకోకుండానే.

మలుపు తిరిగేటప్పుడు కారు ఒక పక్కకి ఒరిగిపోకుండా వెనక చక్రాలు రెంటినీ కలిపి పట్టుకునే కడ్డీ అది. తౌసిఫ్ దాన్ని స్టెబిలైజర్ రాడ్డు అంటాడు. భానుచందర్, అతని స్నేహితులు స్వే బార్ అంటారు. అలిపిరి వెనక వీధిలో ఉన్న ఆ షాపుకి రోజూ వచ్చేవి కొండ ఎక్కి దిగే ట్యాక్సీలు, జీపులు. ఘాట్ మలుపులకి అరిగిన బుష్షులు, నూనె కారే షాకబ్జర్లు. పొద్దున షట్టరెత్తితే పొద్దుగూకే దాకా అదే పని. ఇట్లాంటి కారు రావడం అరుదు. రెండు తలుపుల జపాన్ బండి, నేలకి జానెడెత్తు. చుట్టుపక్కల షాపులవాళ్లు వచ్చి ఫోటోలు తీసుకుని పోయారు.

కారు భానుచందర్ భార్య లోహితది. ఆమె చిత్తూరులో పళ్ల డాక్టరు. వీలున్న ఆదివారాలు మద్రాసు దగ్గరున్న రేసు ట్రాకుకి పోయి నడుపుతుంది. భానుచందర్‌కి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. కారు నడిపేది తక్కువ, దాని గురించి మాట్లాడేది ఎక్కువ.

"తౌసిఫ్ భాయ్, ఒక మాట," అంది లోహిత. బెంచీ దగ్గరికొచ్చి నీలం కడ్డీని రెండు చేతులతో ఎత్తి, బరువు చూసి పెట్టింది. "మలుపులో ముందు చక్రాలు బయటికి జారతా ఉండాయి. స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు లోపలికి రాదు. వెనక రవంత గట్టిపడితే చాలు, ముక్కు తిరుగుతుంది. జాస్తి గట్టిపడిందంటే వెనకే ముందుకొస్తాది. తడి రోడ్డు మీద మరీ. నీలంది వేసి చూద్దాం."

మాట్లాడుతూ అరచేతిని కారులా పెట్టి, మణికట్టు దగ్గర మెల్లగా తిప్పి చూపించింది. తౌసిఫ్ ఆ చేతిని చూశాడు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కడ్డీ లావు కొంచెం పెరిగితే బిగువు రెండింతలవుతుంది. ఇంకొంచెం పెరిగితే మూడింతలు దాటుతుంది. ఎర్రది ఆ చిన్న బండికి ఎక్కువ.

అతను భానుచందర్ వైపు తిరిగాడు. "ఏమంటావన్నా?"

"వేసేదేదో ఒక్కసారే వేయప్పా. మావోళ్లందరూ ఈ సైజే వేసుకోండారు. సన్నది వేసుకుని పోతే నవ్వుతారు."

"ఎర్రదైతే బాగా పట్టుకుంటాదన్నా," అన్నాడు తౌసిఫ్. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని తను అన్నట్టు తెలియలేదు. అది అబద్ధం కాదు. పట్టుకుంటుంది. పట్టుకోవలసిన దానికంటే ఎక్కువ పట్టుకుంటుంది.

లోహిత ఇద్దర్నీ చూసింది. నీళ్ల బాటిల్ కొనుక్కుని వస్తానని వీధిలోకి వెళ్లింది.

పాత కడ్డీ ఊడదీయడానికి పొద్దున్నే కష్టపడాల్సి వచ్చింది. బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. నూనె కొట్టి, కాసేపాగి, గొట్టం తొడిగిన స్పానర్‌తో బరువంతా వేసి లాగితే గాని ఊడలేదు. ఇప్పుడు కొత్త రబ్బరు బుష్షులకి లోపల గ్రీజు పూసి, ఎర్ర కడ్డీని పైకెత్తి క్లాంపులు బిగించాడు. ఇక చివర్లు మిగిలాయి. ఒక్కో కొసకీ రెండేసి బెజ్జాలున్నాయి. కడ్డీని చక్రంతో కలిపే లింకుని కొసన ఉన్న బెజ్జంలో బిగిస్తే కడ్డీ కాస్త మెత్తగా పనిచేస్తుంది. లోపలి బెజ్జంలో బిగిస్తే ఇంకా గట్టిపడుతుంది.

భానుచందర్ ర్యాంపు కిందికి తొంగి చూశాడు. "లోపలికే బిగించప్పా. ఫుల్ టైట్." ఫోన్ మోగితే మాట్లాడుతూ వీధిలోకి పోయాడు.

తౌసిఫ్ లోపలి బెజ్జంలోనే బిగించాడు.

లోహిత తిరిగొచ్చేసరికి కారు కిందికి దిగి ఉంది. వంగి చూసింది గాని చక్రం చాటున ఏమీ కనపడదు. "ఎర్రదే వేసేసినారు," అంది. "సరే. కనీసం కొస బెజ్జంలో పెట్టినారు గదా? మెత్తదాంట్లో?"

స్పానర్ ఇంకా తౌసిఫ్ చేతిలోనే ఉంది. బండిని మళ్లీ పైకెత్తాలి. రెండు వైపులా విప్పి బిగించాలి. భానుచందర్ వచ్చి, ఎందుకు మళ్లీ ఎత్తినావని అడుగుతాడు. మేడం చెప్పింది అనాలి. అప్పుడు ఇద్దరి మధ్యా మాటలొస్తాయి, తను మధ్యలో నిలబడాలి. వీధిలోంచి భానుచందర్ నవ్వు వినపడుతోంది.

"ఆ మేడం. మెత్తదాంట్లోనే పెట్టినా."

"థాంక్స్ భాయ్," అంది ఆమె. మనసు తేలికపడ్డట్టు నవ్వింది.

కౌంటర్ దగ్గర కూర్చున్న రుక్సానా తలెత్తింది. తౌసిఫ్ భార్య ఆమె. ఫోన్లు, సామాను తెప్పించడం అన్నీ ఆమే చూస్తుంది. భానుచందర్ చెప్పిందీ విన్నది, ఇప్పుడిదీ విన్నది. మొగుడి వైపు ఒక్క చూపు చూసి, మళ్లీ ఫోన్‌లోకి తల దించింది.

కొత్త సామాను వేసిన బండికి కాణిపాకంలో టెంకాయ కొట్టించాలని భానుచందర్ అన్నాడు. అతను తన పెద్ద కారులో ముందు పోతుంటే, లోహిత ఒక్కతే చిన్న కారులో వెనక బయలుదేరింది. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

*

ఫోన్ వచ్చినప్పుడు తౌసిఫ్ వేరే జీపు కింద ఉన్నాడు. "బండి తిరిగిపోయిందప్పా. కాణిపాకం రోడ్డులో. నీ మనుషుల్ని తీసుకొని రా," అన్నాడు భానుచందర్. అంతే చెప్పి పెట్టేశాడు.

గుడి ఇంకా కనపడక ముందే వచ్చే మలుపు అది. రోడ్డు పక్కన టెంకాయలు, పూలు అమ్మే బల్లలు వరసగా ఉంటాయి. ముందు పోతున్న బస్సు బ్రేకు వేస్తే లోహిత మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసిందట. వెనక భాగం ఒక్కసారిగా బయటికొచ్చి కారు గిర్రున తిరిగి, వెనక్కి పోయి టెంకాయలమ్మే తాయమ్మ బల్లని కొట్టింది. బల్ల విరిగింది. తడి మట్టిలో టెంకాయలు దొర్లి ఉన్నాయి. కొన్ని పగిలాయి. ఎవరో పిల్లలు ఏరుకుంటుంటే పెద్దవాళ్లు అరుస్తున్నారు.

తాయమ్మ పక్కకి దూకి కిందపడింది. అరవై దాటిన మనిషి. మణికట్టు వాచిపోయింది. లోహిత ఆమె పక్కనే మట్టిలో కూర్చుని, తన చున్నీ చించి, ఒక అట్టముక్క పెట్టి ఆ చేతిని కడుతోంది. కట్టేటప్పుడు చేతులు నిలకడగానే ఉన్నాయి. మొహం మాత్రం సున్నం కొట్టినట్టుంది.

"నీ చేతులు పడిపోను! ఇంట్లో గమ్మున కూర్చోకుండా నీకెందుకే కార్లు!" అని తాయమ్మ ఏడుస్తూ తిడుతోంది. లోహిత కట్టు కడుతూనే ఉంది.

"ఆడోళ్లకి ఇట్లాంటి బండి ఇస్తే ఇంతే," అన్నాడు టీకొట్టు దయానంద్.

"రీల్సు తీసుకుంటా వచ్చుంటాది."

"ఎంత స్పీడు పొయ్యిందో!"

"స్పీడు పోలేదు," అంది లోహిత తలెత్తకుండా. "అరవై కూడా లేదు." ఎవరూ వినలేదు.

భానుచందర్ కారు చుట్టూ ఒకసారి తిరిగి తౌసిఫ్ దగ్గరికొచ్చాడు. జనమూ అతనితో పాటు జరిగారు. "ఏమప్పా, నువ్వేసిన దాంట్లో ఏమన్నా తేడా ఉండాదా?"

తౌసిఫ్ వంగి చక్రం వెనక చూశాడు. చూడవలసిన అవసరం లేదు. ఎర్ర కడ్డీ ఎక్కడిదక్కడే ఉంది. లింకు లోపలి బెజ్జంలో ఉంది. లేచి చేతులు తుడుచుకున్నాడు. అన్ని మొహాలూ తన వైపే ఉన్నాయి. షాపు బోర్డు మీద తండ్రి పేరు, ట్యాక్సీవాళ్లు, వాళ్ల నమ్మకం, ఇవన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

"బండి బాగుండాదన్నా."

"మరి?"

"తడి రోడ్డు గదా. అలవాటు కావాల." గొంతు తగ్గించి, "మేడంకి," అన్నాడు.

భానుచందర్ తల ఊపాడు. జనం కూడా ఊపారు. ఆ మాట ఇట్టే నమ్మేశారు. నమ్మడానికి వాళ్లు ముందే సిద్ధంగా ఉన్నారు. లోహిత మాత్రం తాయమ్మని ఆటో ఎక్కిస్తూ ఒక్క క్షణం ఆగి తౌసిఫ్‌ని చూసింది. ఆ చూపులో కోపం లేదు. తను తెలుసుకోవలసిందేదో అతని నోట్లోంచి విని తెలుసుకున్నట్టు చూసింది. తర్వాత ఆటో ఎక్కి తాయమ్మ తలని భుజానికి ఆనించుకుంది.

*

కారు షాపులో ర్యాంపు మీద ఉంది. వెనక బంపరు పగిలి వేలాడుతోంది. తౌసిఫ్ రెండు రోజులు దాని జోలికి పోలేదు. ట్యాక్సీలు చూశాడు. వాటి కింద పడుకున్నప్పుడు కూడా పక్క ర్యాంపు మీద ఎర్ర కడ్డీ కంటి చివర కనపడుతూనే ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం పనివాళ్లు భోజనాలకి పోయాక స్పానర్ తీసుకుని కారు కిందికి వెళ్లాడు. లింకు విప్పాడు. కొస బెజ్జంలోకి మార్చి బిగించాడు. రెండో వైపు కూడా విప్పుతుంటే వెనక గాజుల చప్పుడైంది. రుక్సానా క్యారియర్ పట్టుకుని నిలబడి ఉంది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూ. కోపమొస్తే మాత్రం ఆమెకి తెలుగే వస్తుంది.

"ఆయమ్మ అడిగినప్పుడు పెట్టకుండా, ఇప్పుడెవరి కోసరం పెడతాండావు?"

ఆమె క్యారియర్ బెంచీ మీద పెట్టి వెళ్లిపోయింది. అతను రెండో వైపూ మార్చేశాడు. లోపలి బెజ్జం చుట్టూ వాషర్ ఒరుసుకుని రంగు పోయి గుండ్రంగా తెల్లటి మచ్చ పడింది. గ్రీజు వేలితో దాని మీద రుద్దాడు. మచ్చ కనపడకుండా పోయింది. ఆ తర్వాత చెయ్యి ఎంత కడిగినా ఆ వేలికి గ్రీజు వాసన పోలేదు.

మర్నాడు పొద్దున్నే లోహిత వచ్చింది. ఒక్కతే వచ్చింది, అదీ బస్సులో. జుట్టు గట్టిగా వెనక్కి కట్టుకుని ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"తాయమ్మకి ఎట్లుండాది మేడం?" అన్నాడు తౌసిఫ్.

"కట్టేసినారు. అతుక్కుంటాది అన్నారు." కారు వైపు చూసి, చూపు తిప్పుకుంది. "భాయ్, ఆ రాడ్డు తీసేసి పాతది వేసేయండి. బంపరు కూడా సరిచేసినాక ఎవరన్నా కొనేవాళ్లుంటే చెప్పండి. అమ్మేస్తాను."

"ఎందుకు మేడం?"

"నాకు చేతకాదు." మామూలుగానే అంది, వాతావరణం గురించి చెప్పినట్టు. "నేనేమనుకున్నానంటే, వెనక అంత గట్టిగా పట్టేసినట్టు తెలిసింది నాకు. సీట్లో కూర్చుంటేనే తెలుస్తాది గదా. ఎడం పక్క గుంటలో పడితే కుడి పక్క కూడా ఎగిరింది. ఇది లోపలి బెజ్జంలో ఉన్నట్టుండాదే అనుకున్నాను దారంతా. కానీ మీరు మెత్తదాంట్లో పెట్టినామని చెప్పినారు. మీరెందుకు అబద్ధం చెప్తారు? అంటే నాకు తెలిసిందనుకున్నదంతా తప్పే. మా ఆయన కూడా అదే అన్నాడు. నిన్న క్లినిక్‌లో ఒక పెద్దాయన నోట్లో చెయ్యి పెట్టినాను. వణికింది. నా చెయ్యి చెప్పేది నిజమో కాదో నాకే తెలియడంలా. ఆయన్ని పంపించేసి క్లినిక్ మూసినాను."

కౌంటర్ దగ్గర రుక్సానా టైపు చేయడం ఆపేసింది. వీధిలో ఒక జీపువాడు హారన్ కొట్టి పిలిచాడు.

"మేడం," అన్నాడు తౌసిఫ్. "లోపలి బెజ్జంలోనే పెట్టినాను."

ఆమెకి అర్థం కాలేదు. "ఏంది?"

"మీరు అడిగినప్పుడు లోపలే ఉండింది. మీకు తెలిసింది నిజమే. ఆ పొద్దు మలుపు కాడ కూడా చూసినాను. లోపలే ఉండింది. అయినా బండి బాగుండాదని చెప్పినాను." ఊపిరి తీసుకున్నాడు. ఇంకొకటి మిగిలి ఉంది. అది చెప్పకపోతే ఆమెకి ఎప్పటికీ తెలియదు. "నిన్న కొస బెజ్జంలోకి మార్చేసినాను. ఎవురికీ తెలియకుండా."

లోహిత ర్యాంపు కిందికి వెళ్లింది. తౌసిఫ్ లైటు తీసుకుని వెనకే పోయాడు. ఆమె కాగితం ముక్కతో గ్రీజు తుడిచింది. తెల్లటి మచ్చ బయటపడింది. బొటనవేలు దాని మీద పెట్టి చాలాసేపు అట్లాగే నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని ఆశపడ్డాడు.

"నేను మీకేం చేసినాను?" అంది.

ఆమె ఏమీ చేయలేదు. ఆమె మీద అతనికి కోపం కూడా లేదు. ఆమె మాటని పక్కన పెట్టడం సులభంగా ఉండింది, అంతే.

"రండి," అంది. "తాయమ్మ తావకి పోదాం. అక్కడందరి ముందరా అన్నారు గదా. అందరి ముందరే చెప్పండి."

*

తౌసిఫ్ వ్యానులో పోయారు. దారిలో ఆమె మొగుడికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి అతని వైపు జరిపింది. తౌసిఫ్ చెప్పాడు.

"టైట్ చెయ్యమనింది నేనే గదప్పా," అన్నాడు భానుచందర్. "ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వేది? అయిపొయ్యింది. లోహితా, నేను నిన్ను ఒక్క మాటన్నా అన్నానా చెప్పు?"

ఆమె ఫోన్ కట్టేసి కిటికీలోంచి బయటికి చూసింది. చంద్రగిరి దాటింది, పాకాల దాటింది.

తాయమ్మ చేతికి తెల్లటి కట్టుతో ఒక స్టూలు మీద కూర్చుని ఉంది. విరిగిన బల్ల కాళ్లకి ఇటుకలు పెట్టి నిలబెట్టారు. ఆమె కోడలు కోమలి టెంకాయలు పీచు తీస్తోంది. లోహితని చూడగానే పక్క బల్లలవాళ్లు చేరారు. దయానంద్ టీ గరిటె పట్టుకునే వచ్చాడు.

తౌసిఫ్ మధ్యలో నిలబడ్డాడు. దారంతా మనసులో కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "ఆ పొద్దు బండి బాగుండాదని చెప్పినాను. అబద్ధం," అన్నాడు. "ఈమె ఒకటి చెయ్యమంటే నేను ఇంకోటి చేసినాను. చెయ్యలేదని చెప్పినాను. అందుకే బండి తిరిగింది. ఈమె తప్పు ఇంత కూడా లేదు. పెద్దమ్మా, నీ చెయ్యి విరిగింది నా వల్ల."

మీద పడతారని అనుకున్నాడు. కొట్టినా నిలబడాలనుకున్నాడు.

దయానంద్ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మొగోడంటే నువ్వప్పా. ఇంత దూరమొచ్చి తప్పు ఒప్పుకునేవోడు యాడుండాడు ఈ కాలంలో?"

"పెద్ద మనసు ఉండాల దానికి," అన్నాడు పూలబల్ల ఆయన.

"ఇది ప్రమాణాలు చేసే చోటు. స్వామే పిలిపించుకున్నాడు."

"పనిలో పొరపాట్లు రావా? ఎవురికైనా వస్తాయి. రాప్పా, టీ తాగు."

గ్లాసు చేతిలోకి వచ్చేసింది. ఎవరో స్టూలు కూడా జరిపారు. ఏ ఊరు, ఎవరి కొడుకు, షాపు ఎక్కడ అని అడుగుతున్నారు. ఒకాయన తన ఆటోకి వెనక చప్పుడొస్తోందని, తెస్తే చూస్తావా అన్నాడు. లోహిత నాలుగడుగుల దూరంలో విరిగిన బల్ల పక్కన నిలబడి ఉంది. ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. దయానంద్ మాత్రం ఏదో గుర్తొచ్చినట్టు తిరిగి, "అయినా మేడం, వానలో రవంత నిదానంగా రావాల మీరు," అన్నాడు.

"ఆమె నిదానంగానే వచ్చింది," అన్నాడు తౌసిఫ్.

గ్లాసులు కడిగే చప్పుడులో ఆ మాట ఎక్కడో పోయింది. మళ్లీ గట్టిగా అనాలి. అందరూ తనవైపు ఆదరంగా చూస్తున్నారు. దయానంద్ "తాగప్పా, ఆరిపోతాది," అన్నాడు. తౌసిఫ్ గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు.

తాయమ్మ మంచి చేతిని మోకాలి మీద ఆనించి లేచింది. స్టూలుని కాలితో లోహిత వైపు నెట్టింది. "కూర్సో పాపా," అంది. "ఆ పొద్దు నొప్పిలో నిన్ను ఏమేమో అన్నాను." లోహిత కూర్చోలేదు. తాయమ్మ కట్టుని చేతుల్లోకి తీసుకుని, వేళ్ల కొసలు ఒక్కొక్కటే నొక్కి, "స్పర్శ తెలుస్తా ఉండాదా? వాపు పగలు తగ్గుతా ఉండాదా?" అని అడిగింది. ఆ చేతులు వణకలేదు.

బయలుదేరేటప్పుడు లోహిత తనని చిత్తూరు బస్టాండు దగ్గర దింపి పొమ్మంది. దిగాక తలుపు మూయకుండా ఆగింది.

"బంపరు మీరేమీ చెయ్యొద్దు. బండి కోసరం ఆదివారం లారీ పంపిస్తాను. నీలం రాడ్డు అందులో పెట్టేయండి. బెంగుళూరులో వేయించుకుంటాను."

"నేనే వేస్తాను మేడం. మీరు పక్కనే ఉండి చూసుకోవచ్చు."

"వద్దు," అంది. గొంతులో కోపం లేదు. తలుపు మూసి, జనంలో కలిసిపోయింది.

తౌసిఫ్ షాపుకొచ్చేసరికి రుక్సానా ఒక్కతే ఉంది. పనివాళ్లని పంపించేసి, బెంచీ మీద సామాను సర్దుతోంది. అతను చెప్పులు విడిచి, కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. ఆమె తువ్వాలు అందించింది.

"చెప్పినావా?"

"అందరి ముందరా చెప్పినాను."

"ఏమన్నారు?"

తౌసిఫ్ తువ్వాలు మొహానికి పెట్టుకున్నాడు. చాలాసేపు తీయలేదు.

"టీ ఇప్పించినారు," అన్నాడు.

"ఆమెకా?"

బట్ట వెనక నుంచి అతని గొంతు ఆమెకి సరిగా వినపడలేదు. దగ్గరికొచ్చి మళ్లీ అడిగింది.

"నాకు," అన్నాడు తౌసిఫ్.